బాబూరావు వీధి నుంచి ఉత్తరాలు

వేలూరు
2019 జూలై 21, ఆదివారం

ఏమండీ,

క్షేమంగా చేరాం. ఈ ముక్క అల్లుడుగారు ఫోన్లో చెప్పే ఉంటారు, మీకు సగమే వినబడి ఉంటుంది. మిగతా సగం కోసం లాడ్జి వరండాలో నిలబడి అరిచే ఓపిక నాకు లేదు, పైగా అటూ ఇటూ గదుల నిండా జబ్బు మనుషులే. అందుకని ఒక దస్తా తెల్లకాగితాలూ కవర్లూ కొనుక్కున్నాను. ఉద్యోగమంతా పిల్లలచేత లేఖారచన చేయించిన పంతులమ్మని. మీరు మార్కులేం వెయ్యక్కర్లేదు, చదివి దాచండి చాలు.

మీరు మమ్మల్ని ఎక్కించిన హౌరా బండిలో సగం మంది మాలాంటి వాళ్ళే. ఒళ్ళో పెట్టుకున్న పెద్ద పెద్ద ఎక్స్‌రే కవర్లు చూస్తేనే తెలిసిపోతుంది. ఎవరూ ఎవరి పేరూ అడగలేదు, ఊరూ అడగలేదు. “ఏ డిపార్ట్‌మెంటు?” అనే అడిగారు. “హెమటాలజీ” అనగానే ఎదుటి బెర్తు బెంగాలీ ఆవిడ మన మనవడి మొహంకేసి, ముందుకు పొడుచుకొచ్చిన వాడి నుదురుకేసి ఓసారి చూసి, ఇంకేమీ అడగకుండా పెన్ను తీసింది. నాలుగు లాడ్జీల పేర్లు రాసి, వాటి ఎదురుగా వచ్చీరాని ఇంగ్లీషులో వివరాలు పెట్టింది. ఎక్కడ నీళ్ళు రెండు పూటలా వస్తాయి, ఎక్కడ నల్లులు, ఎక్కడ లిఫ్టు ఉన్నా పని చెయ్యదు. ఆవిడ కొడుకుని తీసుకుని అయిదేళ్ళుగా వస్తూ పోతూ ఉందట. మనమేమో బయల్దేరేముందు నెలరోజులపాటు ఊళ్ళో అందర్నీ అడిగాం, ఆ చీటీలో ఉన్నదాంట్లో పదోవంతు కూడా తెలియలేదు.

కాట్పాడిలో దిగేసరికి పక్క పట్టాల మీద ట్యాంకర్ల రైలు ఆగి ఉంది. చిన్నోడు పాలరైలు అన్నాడు. పాలు కాదు, నీళ్ళు. చెన్నైలో చెరువులన్నీ ఎండిపోయాయి కదా, జోలార్‌పేట నుంచి ఈ నెల 12 మొదలు రైళ్ళలో నీళ్ళు తోలుతున్నారు. ఒక్కో విడతకి 25 లక్షల లీటర్లట. మేం ఆటోలో పాలారు వంతెన దాటాం, కింద ఇసకే తప్ప చుక్క నీరు లేదు. తమ నదిలో నీళ్ళు లేని ఈ జిల్లావాళ్ళు పొరుగూరికి నీళ్ళు పంపుతున్నారని ఆటో అబ్బాయి తెలుగులోనే కోపగించుకున్నాడు. చిత్తూరు దగ్గరి పల్లె వాడిది. ఇక్కడ తెలుగుకి కరువు లేదు, భయపడకండి.

గది బాబూరావు వీధిలో దొరికింది. ఆసుపత్రికి నడిచిపోవచ్చు. వీధి మొత్తం బెంగాలీ బోర్డులు, చేపల పులుసు వాసన. కొట్లవాళ్ళు తమిళులే అయినా బెంగాలీ గడగడా మాట్లాడతారు. గ్యాసు స్టవ్వు, గిన్నెలు రోజు అద్దెకి ఇస్తారు. కుక్కరు అద్దెకి తీసుకోబోతుంటే మేడమీది ధన్‌బాద్ వాళ్ళు ఆపారు. వాళ్ళు రేపు ఇంటికి పోతున్నారు. కుక్కరు, బకెట్టు, రెండు చాపలు, సగం వాడిన ఉప్పు పొట్లంతో సహా మా గదిలో పెట్టేసి వెళ్ళారు. డబ్బులివ్వబోతే ఆయన నవ్వాడు. వాళ్ళకీ ఎవరో ఇచ్చినవేనట. కుక్కరు పిడికి రాగితీగ చుట్టి ఉంది, ఈల మాత్రం బ్రహ్మాండంగా వేస్తోంది.

రేపు ఆసుపత్రి.

మీ ఇల్లాలు

---

వేలూరు
ఆగస్టు 10, శనివారం

ఏమండీ,

నిన్న వరలక్ష్మీ వ్రతం గదిలోనే చేసుకున్నాం. కలశానికి చెంబు లేకపోతే పక్కగది అస్సాం అమ్మాయి తన స్టీలు గ్లాసిచ్చింది. సరిగ్గా హారతి వేళకి వీధిలో టపాకాయలు. లక్ష్మీదేవికి కాదు, ఎన్నికకి. ఏప్రిల్‌లో దేశమంతా ఓట్లేసినప్పుడు ఇక్కడ నోట్ల కట్టలు దొరికాయని పోలింగు ఆపేశారు కదా, మొన్న 5న పెట్టి నిన్న లెక్కపెట్టారు. డీఎంకే గెలిచింది. చిన్నోడు రెండు చెవులూ మూసుకుని మరీ సంతోషించాడు.

ఈ మూడు వారాలూ పరీక్షలే. వాటి గురించి రాస్తే మీకూ విసుగు, నాకూ విసుగు. ఒక్కటి మాత్రం చెప్పాలి. మన చిన్నోడిలాంటి తలసీమియా పిల్లల్ని ఎముక మజ్జ మార్పిడికి ముందు మూడు తరగతులుగా విడదీస్తారు. ఇటలీలో పెసారో అనే ఊరి డాక్టర్లు పెట్టిన పద్ధతి. కాలేయం ఎంత పెరిగింది, అందులో మచ్చ కట్టిందా, ఇన్నాళ్ళూ ఇనుము తీసేసే మందు సరిగ్గా వాడారా అని చూస్తారు. మనవాడు రెండో తరగతి. మొదటి తరగతి ఎందుకు రాలేదని అడిగాను, అలవాటు కొద్దీ. డాక్టరమ్మ పాత చీటీలు తిరగేసి ఒకదాని మీద వేలు పెట్టింది. వాడికి ఏడాది నిండకముందు, జబ్బేమిటో తేల్చకుండా, మన దగ్గరి ఒక డాక్టరు రక్తహీనత అని నెలల తరబడి రాసిన ఐరన్ టానిక్. తలసీమియా బిడ్డకి ఇనుము తక్కువై కాదు రక్తం లేకపోవడం. మూడేసి వారాలకి ఎక్కించే రక్తంతోనే ఒంట్లో ఇనుము పేరుకుపోతుంది, దానిమీద మళ్ళీ టానిక్! ఆ సీసా పట్టడానికి వాణ్ణి ఎత్తుకుని పాటలు పాడింది అమ్మాయి. గది బయటికొచ్చి చాలాసేపు మాట్లాడలేదు.

ఇప్పుడు మంచి కబురు. పెద్దదాని నమూనా చిన్నోడితో పదికి పది కలిసింది. తోడబుట్టినవాళ్ళలో అలా కలవడం నలుగురిలో ఒకరికే. ఆసుపత్రివాళ్ళు సాయం కాగితాలు కూడా పెట్టించారు. కోల్ ఇండియా కంపెనీ 2017 నుంచి తలసీమియా పిల్లల మజ్జ మార్పిడికి 10 లక్షల దాకా నేరుగా ఆసుపత్రికే కడుతోంది. తోబుట్టువు మజ్జ కలవాలి, ఆదాయం హద్దులో ఉండాలి. తహసీల్దారు ఆఫీసులో ఆదాయ ధ్రువపత్రం కోసం అల్లుడుగారు తిరిగిన తిరుగుళ్ళు వృథా పోలేదు. బొగ్గు తవ్వేవాళ్ళ డబ్బుతో మన వాడి రక్తం మారబోతోంది. ధన్‌బాద్ వాళ్ళ కుక్కరులో వండుతూ ఇది ఆలోచిస్తే నవ్వొచ్చింది.

ఇంకో కబురు, ఇది మీకు. అమ్మాయి, అల్లుడుగారు ఇద్దరూ వాహకులు, అందుకే చిన్నోడికిలా వచ్చింది. అమ్మాయికి మనిద్దరిలో ఎవరో ఒకరు ఇచ్చి ఉండాలి. నేనిక్కడ హిమోగ్లోబిన్ ఏ2 పరీక్ష చేయించుకున్నాను. 3.5 శాతం దాటితే వాహకులట. నాది దాటలేదు. కాబట్టి మీరే. ఇన్నేళ్ళ కాపురంలో మొదటిసారి మీతో రుజువు చేతిలో పెట్టుకుని మాట్లాడుతున్నాను, ఆ సంతోషం నన్ను పడనివ్వండి. మీకేం కాదు, వాహకులకి జబ్బు ఉండదు, కాస్త రక్తం పల్చన, అంతే. మీది మీ అమ్మగారి నుంచో నాన్నగారి నుంచో వచ్చి ఉంటుంది. అంటే మీ తమ్ముడిగారికీ ఉండొచ్చు. ఆ గట్టు తగాదా పుణ్యమా అని మీ ఇద్దరికీ మాటల్లేవు కనక ప్రస్తుతానికి ఇక్కడితో ఆపుతాను.

పిన్ని ఫోన్ చేసింది. “అంతా మన మంచికే జరుగుతుంది, దేవుడు పరీక్ష పెడుతున్నాడు, పాసవుతాం” అంది. ఆవిడ ప్రేమకి నేను వంక పెట్టను. కానీ పరీక్షలు పెట్టి పెట్టి రిటైరైన దాన్ని, ఆరేళ్ళ పిల్లాడికి ఇలాంటి ప్రశ్నపత్రం ఇచ్చే మాస్టారిని నేనైతే బళ్ళో ఉండనిచ్చేదాన్ని కాదు. ఇక్కడ మంచి లేదని అనను. రోజూ కళ్ళతో చూస్తున్నాను. ఆ మంచి జబ్బులోంచి పుట్టలేదు. ఎవరో ఒకరు ఒళ్ళు వంచి చేస్తే వస్తోంది, చెయ్యకపోతే రాదు.

కంచిలో అత్తి వరదరాజస్వామి దర్శనం జరుగుతోంది. నలభై ఏళ్ళకోసారి కోనేటి నీళ్ళలోంచి పైకి తెస్తారు. ఈ 17తో సరి, మళ్ళీ నీళ్ళలోకే. ఇక్కణ్ణించి బస్సులో రెండు గంటలు. లాడ్జిలో తెలుగువాళ్ళంతా వెళ్ళొచ్చారు, నన్నూ రమ్మన్నారు. జనంలో నలిగి, జలుబు తెచ్చుకుని వస్తే కీమో మొదలయ్యే పిల్లాడికి అంటుకుంటుంది. వెళ్ళలేదు. 2059లో వెళ్దాం లెండి, ఇద్దరం.

మీ ఇల్లాలు

---

వేలూరు
సెప్టెంబరు 14, శనివారం

ఏమండీ,

ఇన్నాళ్ళూ రాయలేదంటే రాసే తీరిక లేక కాదు, ఏం రాసినా మర్నాటికి అబద్ధమయ్యేలా ఉండి.

మజ్జ ఎక్కించడం వినాయక చవితికి ముందే అయిపోయింది. ఏదో పెద్ద ఆపరేషన్ అనుకున్నాను. పెద్దదానికి మత్తిచ్చి నడుం వెనక ఎముకలోంచి తీశారు. మర్నాడు రెండు పక్కలా పట్టీలతో లేచి కూర్చుని ఐస్‌క్రీం అడిగింది. ఇచ్చిన మజ్జ దానికి కొన్ని వారాల్లో మళ్ళీ ఊరిపోతుందట. చిన్నోడికైతే మామూలుగా రక్తం ఎక్కించినట్టే, ఎర్రటి సంచీ, గొట్టం. వాడు నిద్రపోయాడు. ఇంత దూరం వచ్చింది దీనికా అనిపించింది. దానికి ముందు వారం, తర్వాత వారాలు అసలు కథ. కీమోతో పాత మజ్జని తుడిచేస్తారు. కొత్తది మొలకెత్తేదాకా ఒంట్లో కాపలా ఉండదు. అమ్మాయి ఒక్కతే లోపల, గాలిని వడకట్టే గదిలో. నేను బయట. వీడియోలో చూస్తాను. నోరంతా పూసిపోయి ఉమ్మి మింగలేకపోయాడు కొన్నాళ్ళు. జుట్టు ఊడిపోయింది.

వాడిది ఓ గ్రూపు, పెద్దదానిది బి. ఇకమీద వాడూ బి అవుతాడట. “నా రక్తం కాబట్టి నా మాట వినాలి” అని ఇప్పట్నించే చట్టం చేసేసింది. ఆరేళ్ళుగా ఆ ఇంట్లో అందరి కళ్ళూ తమ్ముడి మీదే. దీనికి జ్వరమొస్తే “నీకేం, తగ్గిపోతుంది” అనేవాళ్ళం. ఇక్కడ డాక్టర్లు దీన్ని కూర్చోబెట్టి, బొమ్మలు గీసి, “నీకిష్టమేనా?” అని అడిగారు. ఒప్పుకుంటేనే చేస్తాం అన్నారు. ఇది ఓ రోజంతా ఆలోచించి చెప్తానంది! అమ్మాయికి ముచ్చెమటలు పోశాయి. నాకు మాత్రం ముచ్చటేసింది.

నా పని వంట. అప్పటికప్పుడు వండాలి, వేడివేడిగా చేరాలి. పచ్చివేమీ కూడదు, పెరుగు కూడదు, ఆవకాయ మాట ఎత్తకూడదు. ఇడ్లీ పిండి కూడా పాతది కాకూడదు. స్టీలు డబ్బా మరిగే నీళ్ళలో వేసి తీసి, తుడవకుండా ఆరబెట్టి సర్దాలి. లోపల నర్సులు మలయాళీ పిల్లలు. మనవాడి కోసం “నొప్పి ఉందా”, “ఉచ్చ పోశావా”, “మంచి బాలుడు” నేర్చుకున్నారు. మూడోది నేర్పింది నేనే, గ్రాంథికం అని మీరు నవ్వుతారు.

ప్లేట్‌లెట్ల సంగతి రాయాలి. కౌంటు పడిపోయినప్పుడల్లా కావాలి. అవి అయిదు రోజులకు మించి నిలవుండవు, కనక ఎప్పటికప్పుడు మనుషులు రావాలి. మాకిక్కడ ఎవరున్నారు? అల్లుడుగారు ఒకసారి ఇచ్చారు. రెండోసారికి లాడ్జి మేనేజరు ఎవరికో చెప్పాడు, ఆ ఎవరో ఇంకెవరికో. కాట్పాడి వీఐటీలో మన తెలుగు పిల్లలు వేలల్లో చదువుతున్నారు. పొద్దున్న ఏడింటికి నలుగురు దిగారు. నిద్ర కళ్ళు, చిరిగిన జీన్సు. ఒకడి నరాలు మరీ సన్నం, ఇంకొకడు వారం కిందట జ్వరానికి మందు మింగాడు, వాళ్ళని వద్దన్నారు. గుంటూరు కుర్రాణ్ణి కూర్చోబెట్టారు. చేతిలోంచి రక్తం యంత్రంలోకి పోతుంది, అది గిరగిరా తిప్పి ప్లేట్‌లెట్లు మాత్రం పక్కకి తీసుకుని మిగతాది మళ్ళీ అదే చేతిలోకి పంపిస్తుంది. గంట పైనే పట్టింది. మధ్యలో పెదాలు జివ్వుమంటున్నాయన్నాడు. రక్తం గడ్డకట్టకుండా కలిపే మందువల్ల అలా అవుతుందట, కాల్షియం బిళ్ళ చప్పరించమన్నారు. కబుర్లలో పెట్టడానికి ఏ సబ్జెక్టు ఇష్టం అని అడిగాను. ఏదీ ఇష్టం లేదన్నాడు. ఇంట్లో చెప్పొద్దన్నాడు, సూదంటే వాళ్ళమ్మకి భయమట. సంచీలో చూస్తే లేత పసుపు. లోపల చిన్నోడు “మామిడి రసం ఎక్కిస్తున్నారు” అని నాకు వీడియోలో చూపించాడు. ఆ కుర్రాడు మళ్ళీ వచ్చాడు, రెండు వారాల తర్వాత. పేరు రాసుకోబోతే “ఎందుకు ఆంటీ” అని వెళ్ళిపోయాడు. నన్ను ఆంటీ అన్నందుకు కూడా వాడికి రుణపడ్డాను.

తెల్ల కణాల్లో న్యూట్రోఫిల్ అనేవాటి లెక్క 500 దాటి వరసగా మూడు రోజులు నిలబడితే మజ్జ పట్టినట్టు. రోజూ పొద్దున్న చీటీ కోసం, టెన్త్ ఫలితాల నాడు నోటీసు బోర్డు దగ్గర పిల్లల్లాగా నిలబడతాం అందరం. సున్నా, సున్నా, నలభై, మళ్ళీ తగ్గి ముప్పై. ఈ గురువారం 510. నిన్న 700 దాటింది. ఇవాళ 900. బెంగాలీ, హిందీ, అస్సామీ, అందరూ నా భుజం తట్టారు.

అందరూ అన్నాను, ఒక్కావిడ లేదు. అగర్తలా నుంచి వచ్చినావిడ. మా రెండు గదుల అవతల ఉండేది. ఆవిడ కూతురు చిన్నోడి కంటే వారం ముందు లోపలికి వెళ్ళింది. చవితి తర్వాత ఇన్ఫెక్షన్ పట్టుకుంది, ఊపిరితిత్తుల్లోకి పాకింది. దక్కలేదు. ఆవిడకీ నాకూ ఒక్క భాష కలవదు. వెళ్ళే రోజు నా గది తలుపు కొట్టి, విప్పని చేతుల సబ్బు సీసాలు రెండు, పాలపొడి డబ్బా, కొత్త మాస్కుల పెట్టె నా చేతుల్లో పెట్టింది. వద్దనబోయి ఆగాను. తీసుకున్నాను. ఆ మాస్కులే ఇప్పుడు అమ్మాయి వాడుతోంది. నా మనవడి లెక్క 900 అయిందంటే దేవుడు మమ్మల్ని చల్లగా చూశాడని రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. ఆవిణ్ణి ఎలా చూశాడో పక్కనే చూశాను కనక. పిన్ని అడిగితే లెక్క మాత్రం చెప్పండి.

మీ ఇల్లాలు

---

వేలూరు
అక్టోబరు 16, బుధవారం

ఏమండీ,

నిన్న మన ఊరి సిరిమానోత్సవం వీడియో అక్కడికొచ్చిన అల్లుడుగారు పంపారు. మీ వెనక ఎవరో గొడుగు పట్టుకున్నారు, మీరు తడుస్తున్నారు, అదేం పని? పూజారిగారు మాను చివర ఊగుతుంటే చిన్నోడు ఫోనుకి దండం పెట్టి, “పడిపోతే ప్లేట్‌లెట్లు ఎక్కిస్తారా?” అని అడిగాడు. మాను మూడుసార్లూ గుడి నుంచి కోటకీ, కోట నుంచి గుడికీ తిరిగేదాకా చూశాడు.

డిశ్చార్జి అయి గదిలోనే ఉంటున్నాడు. డిసెంబరు దాకా ఊరు విడవకూడదు. వారానికి రెండుసార్లు ఓపీ. సైక్లోస్పోరిన్ అనే మందు రక్తంలో ఎంత ఉందో చూస్తారు, ఆ రోజు పొద్దుటి మోతాదు రక్తం తీశాకే వెయ్యాలి. ముందే వేసుకొచ్చి మళ్ళీ రేపు రమ్మనిపించుకునేవాళ్ళు రోజూ కనిపిస్తారు. మేం చీటీ రాసి తలుపుకి అంటించాం. తెలుగులో నేను, హిందీలో అస్సాం అమ్మాయి. ఇప్పుడు మా అంతస్తులో అన్ని తలుపులకీ ఉంది. ఇంటికొచ్చినా మందులు నెలల తరబడి ఉంటాయి, ఇనుము తీయించడమూ ఉంది. అయిపోయింది అని ఊళ్ళో చాటకండి. రక్తం ఎక్కించడం మాత్రం ఆగింది.

ఒక సాయంత్రం పెద్దదాన్ని తీసుకుని కోటకి వెళ్ళాను. రాజు లేని కోట, నీళ్ళు లేని నది, దేవుడు లేని గుడి అని ఈ ఊరికి పేరుండేదట. దేవుణ్ణి 1981లో మళ్ళీ ప్రతిష్ఠించారు, జలకంఠేశ్వరుడు. మిగతా రెండూ అలాగే ఉన్నాయి. పెనుకొండ, చంద్రగిరి తర్వాత అరవీటి రాజులు ఇక్కణ్ణించే ఏలారని దానికి చెప్పబోయాను. అది కందకం దగ్గర మొక్కజొన్న పొత్తు వైపే చూస్తోంది. కొనిపెట్టాను. దాని నడుం నొప్పి పోయింది, మెట్లు నాకంటే ముందే ఎక్కింది.

ఈ సీఎంసీ ఆసుపత్రి గురించి మీరడిగారు. 1900లో ఐడా స్కడర్ అనే అమెరికా ఆవిడ ఒక్క మంచంతో మొదలుపెట్టింది. అప్పటికింకా ఆవిడ డాక్టరయి కొత్త. వైద్యం చదవకముందు ఓ రాత్రి ముగ్గురు మగవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, ప్రసవం కాక కొట్టుకుంటున్న తమ భార్యల్ని చూడటానికి ఆడమనిషే రావాలన్నారట. ఈవిడకి వైద్యం రాదు, వాళ్ళ నాన్న డాక్టరే కానీ మగవాడు. ముగ్గురాడవాళ్ళూ పోయారు. మజ్జ మార్పిడి ఇక్కడ 1986లో మొదలైంది. ఇవన్నీ గోడల మీద చదివినవే. నాకు ఎక్కువ గుర్తుండేది గోడ మీద లేనిది. ఓపీ హాల్లో చీపురు పట్టుకుని తుడిచే ఆవిడ చిన్నోడు మాస్కు కిందికి లాగితే చాలు, అంత జనంలోనూ ఆగి వేలు చూపించి గదమాయిస్తుంది. వాడు డాక్టరుకి భయపడడు, ఆవిడకి భయపడతాడు.

ఇప్పుడు మీకు రెండు పనులు.

సాలూరు నుంచి ఒక కుటుంబం వచ్చే నెల బయల్దేరుతోంది, ఇదే జబ్బు, నాలుగేళ్ళ పాప. అల్లుడుగారి స్నేహితుడి తాలూకు. వాళ్ళని ఇంటికి పిలిచి భోజనం పెట్టండి. ఆదాయ ధ్రువపత్రం, పాత రక్తం చీటీలు అన్నీ, రేషను కార్డు అసలు ప్రతులు తెచ్చుకోమనండి. గిన్నెలు మోసుకురావద్దనండి, గది ఖాళీ చేసే వేళకి మావి వాళ్ళకే ఇస్తాం. పాపకి టానిక్కు ఏదైనా వాడుతుంటే సీసా తెప్పించి మీరే చదవండి. కళ్ళజోడు పెట్టుకుని చదవండి.

రెండోది కష్టం. మీ తమ్ముడిగారి అమ్మాయికి మాఘమాసంలో పెళ్ళి అనుకుంటున్నారని వదిన చెప్పింది. మీది మీ తమ్ముడికీ ఉంటే, ఆ పిల్లకి సగానికి సగం అవకాశం. ఆ పెళ్ళికొడుక్కీ ఉంటే? ఒక్క పరీక్ష, ఒక్క చిన్న సీసా రక్తం. పెళ్ళి ఆపమని కాదు, ముందే తెలిస్తే కడుపులో ఉండగానే బిడ్డకి చూస్తారు, దారి ఉంటుంది. మనకెవరూ చెప్పలేదు కదండీ. ఫోనులో చెప్పకండి, మీకు ఆయన మాట వినబడదు, ఆయన మీ మాట వినరు. నా రిపోర్టు నకలు ఇందులో పెట్టాను, తీసుకెళ్ళి చూపించండి. గట్టు గురించి ఆయన ఎత్తినా మీరు ఎత్తకండి. ఆ మూడడుగుల నేల ఆయన్నే ఉంచుకోమనండి. వాళ్ళావిడ కాఫీ ఇస్తే తాగండి. ఈ ఉత్తరం అందిన రోజునే వెళ్ళండి, భోజనం అయ్యాక అని పడుకోకండి.

మీ ఇల్లాలు